కరెంటు పోతోంది, వెలుగు రావట్లేదు: పాలిమర్ ఎల్‌ఈడీలపై పాఠకుల ప్రశ్నలు

కాంతినిచ్చే పాలిమర్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. పొర లోపల చార్జి ఎలా నడుస్తుంది, ఎక్కడ చిక్కుకుపోతుంది అని. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. ప్రయోగశాలలో డయోడులు చేస్తున్నవాళ్ల ప్రశ్నలకు కాస్త ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: ప్లాస్టిక్ విద్యుద్బంధకమని చదువుకున్నాం. మరి పాలిమర్ పొరలో చార్జి ఎలా నడుస్తుంది? సిలికాన్‌లో నడిచినట్టేనా?

జవాబు: పీపీవీ (పాలీ-పారా-ఫెనిలిన్ వినైలిన్) లాంటి పాలిమర్లలో కార్బన్ గొలుసు పొడవునా ఏకబంధం, ద్విబంధం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. దానివల్ల పై-ఎలక్ట్రాన్లు ఒకే బంధానికి అంటిపెట్టుకోకుండా గొలుసులో కొన్ని యూనిట్ల దూరం పరుచుకుంటాయి. ఎలక్ట్రాన్లు నిండిన అత్యున్నత స్థాయిని హోమో అని, ఖాళీగా ఉన్న అతి తక్కువ స్థాయిని లూమో అని అంటారు. హోల్, అంటే ఎలక్ట్రాన్ లేని ఖాళీ, ధనావేశంలా హోమోలో నడుస్తుంది, ఎలక్ట్రాన్ లూమోలో నడుస్తుంది. రెండూ ఒకే ముక్క మీద కలిస్తే ఎక్సైటాన్ అనే జంట ఏర్పడుతుంది, అది కాంతి ఇస్తుంది.

ఇక్కడ చాలామంది రెండు విషయాలను కలిపేస్తారు. 1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ చూపించినది డోపింగ్ చేసిన, అంటే చార్జినిచ్చే పదార్థం కలిపిన, పాలిఅసిటిలీన్ వాహకత్వం. దానికే 2000లో నోబెల్ వచ్చింది. 1990లో కేంబ్రిడ్జిలో వెలిగిన పీపీవీ పొరలో డోపింగ్ లేదు. అలాంటి పొరలో సొంత చార్జి లేనట్టే లెక్క, నడిచే ప్రతి వాహకమూ (ఎలక్ట్రానైనా, హోలైనా) ఎలక్ట్రోడ్ నుంచి లోపలికి రావాల్సిందే. ఇకముందు చెప్పేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

సిలికాన్‌లో నడిచినట్టు మాత్రం నడవదు. గొలుసు మెలి తిరిగినచోటా, రసాయన లోపం ఉన్నచోటా సంయుగ్మత, అంటే ఆ ఏక-ద్విబంధాల వరుస, తెగిపోతుంది. అలా తెగిన ఒక్కో ముక్క శక్తి స్థాయి ఒక్కోలా ఉంటుంది. ఈ స్థాయిల వ్యాప్తి 0.1 ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర ఉంటుంది, గది ఉష్ణోగ్రత ఇచ్చే ఉష్ణశక్తి మాత్రం 0.025. అందుకే వాహకం ముక్క నుంచి ముక్కకు గెంతుతూ, లోతైన ముక్కలో పడ్డప్పుడల్లా వేడి సాయం కోసం ఆగుతూ పోతుంది. పీపీవీ రకాల్లో తక్కువ ఫీల్డు దగ్గర హోల్ చలనశీలత (ఫీల్డు కింద ఎంత వేగంగా నడుస్తుందన్న కొలత) వోల్టు-సెకనుకు సుమారు 5×10⁻⁷ చదరపు సెంటీమీటర్లు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ది దాదాపు 1400. అయినా పాలిమర్ డయోడు పనిచేస్తోందంటే పొర 100 నానోమీటర్లే కాబట్టి. 3 వోల్టుల కింద ఆ దూరం దాటడానికి హోల్‌కు సుమారు 67 మైక్రోసెకన్లు పడుతుంది.

ప్రశ్న: ఐటీవో (పారదర్శక వాహక ఆక్సైడ్) పూసిన గాజు మీద పెడాట్:పీఎస్ఎస్ అనే వాహక పాలిమర్, దాని మీద 90 నానోమీటర్ల ఎంఈహెచ్-పీపీవీ (కరిగే పీపీవీ రకం), పైన అల్యూమినియం వేశాను. 6 వోల్టులకు చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీ ఆంపియర్లు పోతున్నాయి. వెలుగు మాత్రం చీకట్లో చూస్తే తప్ప కనిపించదు. పాలిమర్ పాడైందా?

జవాబు: పాలిమర్ మీద నింద వేయకండి. అల్యూమినియం పని ప్రమేయం, అంటే లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన శక్తి, సుమారు 4.3 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎంఈహెచ్-పీపీవీ లూమో శూన్య స్థాయికి 2.9 నుంచి 3.0 కింద ఉంటుంది. ఎలక్ట్రాన్ లోపలికి రావాలంటే 1.3 ఎలక్ట్రాన్ వోల్టుల గోడ ఎక్కాలి. అవతలి వైపు పెడాట్:పీఎస్ఎస్ 5.1 దగ్గర, పాలిమర్ హోమో 5.1–5.3 దగ్గర ఉన్నాయి కాబట్టి హోల్స్‌కు అడ్డే లేదు. మీరు చూస్తున్న 40 మిల్లీ ఆంపియర్లు దాదాపు మొత్తం హోల్స్‌వే. అవి ఈ చివర ఎక్కి, ఎవరితోనూ కలవకుండా ఆ చివర దిగిపోతున్నాయి. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, ఎలక్ట్రాన్ల కొద్దీ వెలుగు.

దీన్ని మీ దగ్గరున్న కొలతలతోనే నిర్ధారించుకోవచ్చు. కరెంటును లాగ్ స్కేలులో గీసి, అది లీకేజీ నుంచి విడివడి నిటారుగా లేచే చోటు చూడండి. అల్యూమినియం కాథోడ్ (ఎలక్ట్రాన్లు ఎక్కే ఎలక్ట్రోడ్) అయితే ఒక వోల్టు లోపే లేస్తుంది, ఎందుకంటే రెండు ఎలక్ట్రోడ్ల పని ప్రమేయాల తేడా అంతే. కాల్షియమో బేరియమో వేస్తే అది 1.6–2 వోల్టుల దాకా జరుగుతుంది, వెలుగు కూడా దాదాపు అక్కడే మొదలవుతుంది. కరెంటు ఒక వోల్టుకే లేచి, వెలుగు ఎక్కడో పైన మొదలైతే కాథోడే లోపమని రాసిపెట్టుకోండి. 1990 నాటి అల్యూమినియం కాథోడ్ డయోడు క్వాంటమ్ సామర్థ్యం (పంపిన ఎలక్ట్రాన్లకు వచ్చిన ఫోటాన్ల వాటా) 0.05 శాతం దాటలేదు. మరుసటి ఏడాదే ఎంఈహెచ్-పీపీవీ మీద కాల్షియం వేస్తే అది దాదాపు 1 శాతానికి చేరింది.

చేయాల్సింది ఇది. 10⁻⁶ మిల్లీబార్ లోపు శూన్యంలో, సెకనుకు 0.5–1 ఆంగ్‌స్ట్రామ్ వేగంతో 5 నానోమీటర్ల బేరియం (పని ప్రమేయం 2.7) లేదా కాల్షియం (2.9) వేయండి. తలుపు తెరవకుండా, శూన్యం చెడకుండా దాని మీదే 100 నానోమీటర్ల అల్యూమినియం వేయండి. మధ్యలో ఆవిరి చేసే లోహం మార్చడానికి చాంబర్ తెరిచారా, ఆ 5 నానోమీటర్లు ఆక్సైడ్ అయిపోయినట్టే. గ్లవ్‌బాక్స్‌లో (బయటి గాలి చొరని పెట్టెలో) ఆక్సిజన్, తేమ రెండూ 1 పీపీఎం లోపు ఉండాలి. కాల్షియం దొరకనివాళ్లు అల్యూమినియం కింద 0.5–1 నానోమీటరు లిథియం ఫ్లోరైడ్ వేస్తారు. పనిచేస్తుంది గానీ మందం విషయంలో చాలా పట్టింపు, 3 నానోమీటర్లయితే అదే బంధకమై కూర్చుంటుంది.

ప్రశ్న: స్పేస్-చార్జి కరెంటు (పొరలో పోగైన చార్జే అదుపు చేసే కరెంటు) అయితే లాగ్-లాగ్ గ్రాఫు వాలు 2 రావాలని పుస్తకాల్లో ఉంది. నాకు 3 వోల్టుల దగ్గర 5, 6 వోల్టుల దగ్గర 3 వస్తోంది. అంటే ట్రాపులు (చార్జి చిక్కుకునే గుంటలు) ఉన్నట్టేనా?

జవాబు: తొందరపడి అనకండి. మీ అంకెలు చూస్తే ట్రాపులు లేకుండానే ఆ వాలు వచ్చే అవకాశం ఎక్కువ.

మాట్-గర్నీ సూత్రం ప్రకారం కరెంటు సాంద్రత అంటే 9/8, పర్మిటివిటీ, చలనశీలత, వోల్టేజీ వర్గం, ఈ నాలుగింటి లబ్ధాన్ని మందం ఘనంతో భాగించగా వచ్చేది. ఇందులో వోల్టేజీ అంటే మీటరు మీది వోల్టేజీ కాదు. అందులోంచి అంతర్నిర్మిత వోల్టేజీనీ (రెండు ఎలక్ట్రోడ్ల పని ప్రమేయాల తేడా వల్ల పుట్టేది), తీగల్లోనూ ఐటీవోలోనూ పోయే వోల్టేజీనీ తీసేయాలి. అంతర్నిర్మిత వోల్టేజీ 1.8 అనుకోండి. దాన్ని తీసేయకుండా గీస్తే, అచ్చమైన వర్గ సంబంధం కూడా 3 వోల్టుల దగ్గర వాలు 5 చూపిస్తుంది. 6 వోల్టుల దగ్గర 2.9 చూపిస్తుంది. మీకు వచ్చినవి ఇవే కదా.

అంతర్నిర్మిత వోల్టేజీ పట్టుకోవడానికి అర్ధ-లాగ్ గ్రాఫు చాలు. సున్నాకు రెండు వైపులా ఒకేలా కనిపించే భాగం లీకేజీ. తర్వాత సరళరేఖలా లేచేది డిఫ్యూజన్ భాగం. ఆ రేఖ వంగడం మొదలయ్యే చోటు మీకు కావలసిన అంకెకు దగ్గర్లో ఉంటుంది. కచ్చితమైన విలువ కాదు గానీ పని మొదలుపెట్టడానికి సరిపోతుంది.

ఐటీవో నిరోధం ఇలా లెక్కకట్టండి. చదరానికి 15 ఓమ్‌ల ఐటీవో, పట్టీ వెడల్పు 2 మిల్లీమీటర్లు, పిక్సెల్ దాకా పొడవు 10 మిల్లీమీటర్లు. అంటే ఐదు చదరాలు, 75 ఓమ్‌లు. 2×2 మిల్లీమీటర్ల పిక్సెల్‌లో చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీ ఆంపియర్లు నడిస్తే అసలు కరెంటు 4 మిల్లీ ఆంపియర్లు. 0.3 వోల్టు ఐటీవోలోనే పోయింది. పై వోల్టేజీల దగ్గర వాలు 2 కంటే కిందికి జారితే ముందు దీన్నే అనుమానించాలి.

ఇవన్నీ సరిచేశాక కూడా వాలు 2 కంటే కాస్త ఎక్కువే వస్తుంది. ఫీల్డు పెరిగేకొద్దీ, వాహకాల సాంద్రత పెరిగేకొద్దీ చలనశీలత కూడా పెరుగుతుంది కాబట్టి అది సహజం.

అసలు పరీక్ష వాలు కాదు, మందం. ఒకే ద్రావణంతో, ఒకే రోజు 80, 160, 240 నానోమీటర్ల పొరలు వేయండి. సవరించిన వోల్టేజీ ఒకటే అయినప్పుడు, మందం రెండింతలైతే కరెంటు ఎనిమిదో వంతుకు పడాలి. అలా పడితే పొరే కరెంటును శాసిస్తోంది. అలా కాకుండా, వోల్టేజీని మందంతో భాగించి ఫీల్డు మీద గీసినప్పుడు మూడు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పడితే, ఎలక్ట్రోడ్ దగ్గరి గోడే శాసిస్తోందన్నమాట. అప్పుడు మీరు కొలుస్తున్నది చలనశీలత కానే కాదు. ఒక్క మందంతో తీసిన చలనశీలతను మేమైతే లెక్కలోకి తీసుకోం.

పోల్చుకోవడానికి ఒక అంకె: చలనశీలత 5×10⁻⁷, సాపేక్ష పర్మిటివిటీ 3, మందం 100 నానోమీటర్లు, సవరించిన వోల్టేజీ 3 అయితే చదరపు సెంటీమీటరుకు సుమారు 1.3 మిల్లీ ఆంపియర్లు రావాలి. మీకు ఇంతకు వెయ్యో వంతు వస్తే ఇంజెక్షన్ లోపం వెతకండి. వంద రెట్లు వస్తే మందం మళ్లీ కొలవండి, ఘనం వల్ల మందంలో 10 శాతం పొరపాటు కరెంటులో 30 శాతానికి పైగా అవుతుంది.

ప్రశ్న: కాథోడ్‌గా బేరియం వాడాను, గోడ లేదు. ఎలక్ట్రాన్-మాత్ర (ఎలక్ట్రాన్లు మాత్రమే నడిచే) డయోడులో కరెంటు హోల్-మాత్ర డయోడు కరెంటులో వెయ్యో వంతు కూడా లేదు. ఈ పాలిమర్లలో ఎలక్ట్రాన్ చలనశీలత అంత తక్కువా?

జవాబు: ముందుగా డయోడులు సరైనవేనా చూద్దాం. హోల్-మాత్ర డయోడుకు ఐటీవో, పెడాట్:పీఎస్ఎస్, పాలిమర్, 10 నానోమీటర్ల మాలిబ్డినం ఆక్సైడ్, 100 నానోమీటర్ల అల్యూమినియం. ఎలక్ట్రాన్-మాత్ర డయోడుకు గాజు మీద 30 నానోమీటర్ల అల్యూమినియం, పాలిమర్, 5 నానోమీటర్ల బేరియం, 100 నానోమీటర్ల అల్యూమినియం. అడుగు అల్యూమినియం గాలి చూడకుండా గ్లవ్‌బాక్స్‌లోనే పాలిమర్ పడాలి. రెండింటిలో దేనిలో ఫొటోడయోడుకు రవ్వంత వెలుగు తగిలినా అది ఏక వాహక డయోడు కాదు, రెండో వాహకం దొంగచాటుగా వస్తోంది.

అక్కడ లోపం లేదనుకుంటే, మీరు చూస్తున్నది నిజమే, కానీ చలనశీలత తక్కువ కావడం వల్ల కాదు. డోపింగ్‌తో ట్రాపులను ముందే నింపి కొలిస్తే ఎలక్ట్రాన్ చలనశీలత హోల్‌తో సమానంగా వస్తుంది. అంటే దారి ఒకే రకం, మధ్యలో గుంటలు ఎక్కువ. రకరకాల పాలిమర్ల ఎలక్ట్రాన్ కరెంటులను పక్కపక్కన పెట్టి 2012లో చేసిన విశ్లేషణలో ఆసక్తికరమైన సంగతి తేలింది. పాలిమర్ ఏదైనా ట్రాపుల సాంద్రత ఘన సెంటీమీటరుకు 3×10¹⁷ దగ్గరే ఉంది, వాటి శక్తి శూన్య స్థాయికి 3.6 ఎలక్ట్రాన్ వోల్టుల కింద కేంద్రీకృతమై ఉంది. రసాయనం మారినా ట్రాపు మారలేదంటే అది ఆ అణువు సొంత లోపం కాదు, బయటి నుంచి వచ్చినది. నీరు, ఆక్సిజన్ కలిసిన సంక్లిష్టాల మీదే ఎక్కువ అనుమానం. ఎంత శుద్ధి చేసినా పూర్తిగా పోకపోవడానికి కారణం అదే కావచ్చు.

3×10¹⁷ అంటే గెంతే స్థానాల్లో సుమారు వెయ్యికి ఒకటి. వినడానికి తక్కువే. కానీ లూమో 2.9 దగ్గర ఉన్న పాలిమర్‌లో ఆ ట్రాపు 0.7 ఎలక్ట్రాన్ వోల్టుల లోతు. పడ్డ ఎలక్ట్రాన్ తొందరగా బయటికి రాదు. లోపలికి వచ్చిన ఎలక్ట్రాన్లలో చాలా భాగం ట్రాపుల్లోనే ఉండిపోతాయి, కరెంటు మోసేది మిగిలిన కొద్ది భాగమే. అందుకే ఎలక్ట్రాన్ కరెంటు వాలు 2 కాకుండా 5, 6 దాకా నిటారుగా ఉంటుంది, మందం మీద కూడా ఘనం కంటే ఎక్కువగా ఆధారపడుతుంది. వోల్టేజీ పైకి తీసుకెళ్లి కిందికి దించితే రెండు దారులూ కలవవు. మొదటి స్కాన్‌లో నిండిన ట్రాపులు రెండో స్కాన్ కరెంటును మార్చేస్తాయి కాబట్టి, కొత్త పిక్సెల్ మొదటి స్కాన్‌ను తప్పక దాచుకోండి. చాలామంది దాన్నే పారేస్తారు.

ఇది వెలుగును రెండు విధాల దెబ్బతీస్తుంది. ఒకటి, హోల్స్ దూరం పోయి ఎలక్ట్రాన్లు కాథోడ్ పక్కనే ఉండిపోతే కలయిక అక్కడే జరుగుతుంది. లోహానికి 10–20 నానోమీటర్ల లోపు పుట్టిన ఎక్సైటాన్ చాలావరకు వెలగకుండానే లోహానికి శక్తి ఇచ్చేస్తుంది. రెండు, ట్రాపులో కూర్చున్న ఎలక్ట్రాన్ దగ్గరికి హోల్ వచ్చి కలిస్తే ఆ కలయిక కాంతినివ్వదు. లూమోలో తిరిగే ఎలక్ట్రాన్, హోల్ కలిసే లాంజివిన్ కలయికే వెలుగిస్తుంది. వోల్టేజీ పెంచితే ట్రాపులు నిండి స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల వాటా పెరుగుతుంది. అందుకే మీ డయోడు ఆంపియరుకు ఇచ్చే క్యాండెలాలు మొదట్లో వోల్టేజీతో పాటు ఎక్కి, తర్వాత నిలకడవుతాయి.

దారులు రెండున్నాయి. లూమో 3.6 కంటే లోతుగా ఉన్న పాలిమర్ ఎంచుకుంటే ఆ ట్రాపు దాని నిషిద్ధ అంతరంలోకే (హోమో, లూమోల మధ్య ఖాళీలోకే) రాదు. కానీ హోల్స్ వైపు కూడా ఇలాంటి గీతే ఉంది, హోమో 6.0 కంటే లోతైతే హోల్స్ ట్రాపుల్లో పడతాయి. రెండింటి మధ్య కిటికీ 2.4 ఎలక్ట్రాన్ వోల్టులే. 450 నానోమీటర్ల నీలి కాంతికే 2.76 కావాలి. నీలం పాలిమర్లు ఇంతకాలం ఏడిపించడానికి ఈ లెక్క ఒక ముఖ్య కారణం.

రెండోది పలచన చేయడం. ఎంఈహెచ్-పీపీవీ ఒక పాలు, పీవీకే (పాలీవినైల్ కార్బజోల్) తొమ్మిది పాళ్లు కలిపి పొర వేస్తారు. పీవీకే నిషిద్ధ అంతరం పెద్దది, ఈ వోల్టేజీల్లో తను చార్జిని మోయదు. గెంతే స్థానాలు పదో వంతుకు తగ్గితే కరెంటు కూడా పదో వంతుకు పడుతుంది, నష్టం అంతే. ట్రాపులు పదో వంతుకు తగ్గితే లాభం అంతకు ఎన్నో రెట్లు, ఎందుకంటే ట్రాపు-పరిమిత కరెంటు ట్రాపుల సాంద్రత ఘాతం మీద ఆధారపడుతుంది. 2016లో ఈ పద్ధతితో డయోడు సామర్థ్యం రెట్టింపు చేసి చూపించారు. కలపడంలో జాగ్రత్త: రెండూ ఒకే ద్రావణిలో పూర్తిగా కరగాలి, పొరలో ముద్దలుగా విడిపోకూడదు. పొర మసకబారితే విడిపోయినట్టే.

ప్రశ్న: టీఎఫ్‌బీ (హోల్స్‌ను మోసే పాలిమర్) మధ్యపొర వేస్తే ఎఫ్8బీటీ (కాంతినిచ్చే ఇంకో పాలిమర్) డయోడు బాగుపడుతుందంటారు. అదనపు పొర అంటే అదనపు నిరోధం కదా? పైగా నాది వేసిన ప్రతిసారీ కరిగిపోతోంది.

జవాబు: ఎఫ్8బీటీ హోమో 5.9 దగ్గర ఉంటుంది. పెడాట్:పీఎస్ఎస్ 5.1 నుంచి నేరుగా ఎక్కాలంటే 0.8 గోడ. మధ్యలో 5.3–5.4 దగ్గర టీఎఫ్‌బీ మెట్టు వేస్తే ఎక్కడం సులువు. అంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. టీఎఫ్‌బీ లూమో చాలా పైన, 2.3 దగ్గర ఉంటుంది కాబట్టి అవతలి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు అక్కడ ఆగి పోగవుతాయి. ఆ ఋణావేశం సరిహద్దు దగ్గర ఫీల్డును పెంచి హోల్స్‌ను లాగుతుంది. పెడాట్:పీఎస్ఎస్ పక్కన ఎక్సైటాన్లు ఆరిపోకుండా కూడా ఈ పొర కాపాడుతుంది. అన్నిటికీ 10 నానోమీటర్లు చాలు, అదనపు నిరోధం లెక్కలోకి రాదు.

కరిగిపోవడానికి కారణం సరిగ్గా కాల్చకపోవడం. టీఎఫ్‌బీని పి-జైలీన్‌లో సుమారు 0.5 శాతం ద్రావణంగా స్పిన్ చేసి, నైట్రోజన్‌లో 180 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. చల్లారాక అదే పి-జైలీన్‌తో స్పిన్ చేస్తూ కడగండి. అంటుకోని భాగం పోయి, కరగని 10 నానోమీటర్ల పొర మిగులుతుంది. మిగిలిందో లేదో 390 నానోమీటర్ల దగ్గరి శోషణ కొలిస్తే తెలుస్తుంది. ఆ కొలత లేకుండా ముందుకు పోవద్దు. 120 డిగ్రీల దగ్గర ఆపేస్తే, పైన ఎఫ్8బీటీ వేసేటప్పుడు మొత్తం కలిసిపోతుంది. గాలిలో కాల్చితే కరగదు గానీ ఆక్సీకరణం చెంది ట్రాపులు పుడతాయి, అది ఇంకా అధ్వానం.

ప్రశ్న: ఒకే గాజు మీద ఎనిమిది పిక్సెళ్లలో మూడింటికి రివర్స్‌లో కూడా కరెంటు పోతోంది, సూది వణికినట్టు ఎగుడుదిగుడుగా ఉంటోంది. ఏం చేయాలి?

జవాబు: అది పాలిమర్ గుండా పోతున్న కరెంటు కాదు, పక్కదారిన పోతున్నది. పొర 80 నానోమీటర్లు, ఒక మైక్రాన్ దుమ్ము రేణువు దానికి పన్నెండింతలు. అలాంటి రేణువు చుట్టూ పొర చిరుగుతుంది, అందులోకి లోహం దిగుతుంది.

ఐటీవోను డిటర్జెంట్ నీటిలో, శుద్ధ నీటిలో, అసిటోన్‌లో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వరుసగా పదేసి నిమిషాలు అల్ట్రాసోనిక్‌లో కడిగి, నైట్రోజన్‌తో ఊది ఆరబెట్టి, 15–20 నిమిషాలు యూవీ-ఓజోన్‌లో ఉంచండి. ఓజోన్ నుంచి తీసిన కొద్ది నిమిషాల్లోనే పెడాట్:పీఎస్ఎస్ పడాలి, ఆలస్యమైతే ఉపరితలం మళ్లీ తడవనంటుంది. పెడాట్:పీఎస్ఎస్‌ను 0.45 మైక్రాన్ పీవీడీఎఫ్ ఫిల్టరుతో వడగట్టి, వేశాక 130–150 డిగ్రీల దగ్గర 10–15 నిమిషాలు ఆరనివ్వండి. నీళ్లు మిగిలితే కాథోడ్‌కు చేటు. ఎంఈహెచ్-పీపీవీ లీటరుకు 5 గ్రాముల ద్రావణాన్ని 50 డిగ్రీల దగ్గర రాత్రంతా కలిపి ఉంచాలి. అప్పటికీ జెల్ ముద్దలు మిగిలితే 0.45 ఫిల్టరు మూసుకుపోతుంది, ముందు 5 మైక్రాన్ పీటీఎఫ్‌ఈతో వడగట్టి తర్వాత చిన్నదానికి వెళ్లండి.

ఎప్పుడూ అంచు పిక్సెళ్లే చెడుతుంటే దుమ్ము కాదు, ఎచింగ్ చేసిన ఐటీవో అంచు కారణం. 150 నానోమీటర్ల నిటారు మెట్టును 80 నానోమీటర్ల పొర కప్పలేదు. పక్క పిక్సెల్ కూడా మసకగా వెలుగుతుంటే మీరు వాడిన పెడాట్ రకం ఎక్కువ వాహకత్వం ఉన్నది. డయోడులకు పీఎస్ఎస్ పాళ్లు ఎక్కువున్న రకం, అంటే ఒకటికి ఆరు పాళ్లున్న ఏఐ 4083 లాంటిది వాడాలి. మంచి డయోడులో −4 వోల్టుల కరెంటు +4 వోల్టుల కరెంటులో వెయ్యో వంతుకు చేరకూడదు.

ప్రశ్న: స్థిర కరెంటు మీద నడుపుతుంటే వెలుగు తగ్గుతోంది, వోల్టేజీ పెరుగుతోంది. సీలు లోపమా, పాలిమర్ లోపమా?

జవాబు: మైక్రోస్కోపు కింద వెలిగించి చూడండి. గుండ్రటి నల్ల మచ్చలు కనిపిస్తే కాథోడ్‌లోని సూదిరంధ్రాల గుండా తేమ దిగి బేరియం, కాల్షియంలను తినేస్తోంది. ఈ మచ్చలు నడపకుండా బీరువాలో పెట్టినా పెరుగుతాయి. పిక్సెల్ అంతా ఒకేలా మసకబారితే సీలు మంచిదే, మార్పు పాలిమర్ లోపల జరుగుతోంది. కరెంటు నడిచేకొద్దీ హోల్స్‌కు కొత్త ట్రాపులు పుడతాయి. అదే కరెంటు నడపడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, వెలగని కలయిక వాటా పెరుగుతుంది. మీరు చెప్పిన రెండు లక్షణాలూ దానికి సరిపోతాయి.

ఇంకో పరీక్ష: అదే పిక్సెల్‌ను బయటి కాంతితో ఉత్తేజపరిచి ఫొటోల్యూమినెసెన్స్ కొలవండి. అది తగ్గకుండా విద్యుత్ వెలుగు మాత్రమే తగ్గితే లోపం చార్జి రవాణాలో ఉంది. రెండూ తగ్గితే పాలిమర్ అణువే దెబ్బతింది. సీలు వేసేటప్పుడు ఎపాక్సీ మీద పడే యూవీ పిక్సెల్ మీద పడకుండా మాస్కు పెట్టండి. పీపీవీలో ద్విబంధాలు కాంతి, ఆక్సిజన్ కలిస్తే తెగి కార్బొనిల్ అవుతాయి, కొద్దిపాటి కార్బొనిల్ చాలు వెలుగు ఆరిపోవడానికి.

క్లుప్తంగా

*ట్రాన్సిస్టర్‌లో కొలిస్తే అదే పాలిమర్‌కు చలనశీలత వెయ్యి రెట్లు వస్తోంది. ఏది తప్పు?* రెండూ సరైనవే. ట్రాన్సిస్టర్ చానెల్‌లో వాహకాల సాంద్రత చాలా ఎక్కువ. లోతైన స్థానాలు ముందే నిండిపోయి, మిగతా వాహకాలు సులువుగా నడుస్తాయి. ఎల్‌ఈడీ లెక్కలకు ట్రాన్సిస్టర్ అంకె వాడకండి.

*చల్లబరిస్తే వెలిగించడానికి ఎక్కువ వోల్టేజీ ఎందుకు?* గెంతడానికి వేడి కావాలి. ఉత్తేజక శక్తి 0.4 ఎలక్ట్రాన్ వోల్టు అయితే 300 నుంచి 250 కెల్విన్‌కు దిగేసరికి చలనశీలత ఇరవయ్యో వంతుకు పడిపోతుంది.

*ద్రావణి మారిస్తే రంగు, కరెంటు రెండూ మారాయి. ఎందుకు?* క్లోరోబెంజీన్‌లో ఎంఈహెచ్-పీపీవీ గొలుసులు చాచుకుని ఉంటాయి, పొరలో ఒకదానికొకటి ఆనుకుంటాయి. చార్జి సులువుగా గెంతుతుంది, వెలుగు ఎరుపు వైపు జరిగి కాస్త తగ్గుతుంది. టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) ద్రావణిలో గొలుసులు చుట్టుకుపోతాయి, ఫలితం తిరగబడుతుంది.

*మైక్రోసెకను పల్సుకు డయోడు వెలగట్లేదు. సర్క్యూట్ నెమ్మదా?* 2×2 మిల్లీమీటర్ల పిక్సెల్, 100 నానోమీటర్ల పొర అయితే కెపాసిటెన్స్ సుమారు 1 నానోఫారడ్. 75 ఓమ్‌లతో అది 80 నానోసెకన్లలో నిండుతుంది, కాబట్టి సర్క్యూట్‌ది తప్పు కాదు. హోల్స్ అవతలి ఎలక్ట్రాన్లను చేరేదాకా వెలుగు రాదు. వోల్టేజీ పెంచితే ఆ ఆలస్యం తగ్గుతుందో లేదో చూడండి, తగ్గితే వాహకాల ప్రయాణ కాలమే కారణం. అన్నట్టు, ఆ 1 నానోఫారడ్‌ను రివర్స్ వోల్టేజీలో కొలిస్తే ఏ పిక్సెల్‌లో పొర ఎంత మందం ఉందో డయోడు విప్పకుండానే తెలుస్తుంది.